పొడి మందు కలిపిన చెయ్యి

మా అక్క అంటే నాకు అసూయ. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు సగం జీవితం పట్టింది. పెట్టేశాక చూస్తే ఏమంత పెద్ద మాటలా లేదు.

ఆమె నా సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. నాకన్నా ఏడాది పెద్ద. పెద్దమ్మ వాళ్ళది నాగాయలంక దిగువన, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. ఉప్పెన వచ్చినప్పుడు పెద్దమ్మా పెదనాన్నా ఇద్దరూ పోయారు. అక్క అంతకు నాలుగు రోజుల ముందే మా ఇంటికి వచ్చి ఉండబట్టి బతికింది. మాది అవనిగడ్డకి దగ్గరి పల్లె, నాన్నది వ్యవసాయం. మా వీధిలోకీ నీళ్ళొచ్చాయి గానీ మనుషులు మిగిలారు. అలా వారం ఉండి వెళ్దామని వచ్చిన పిల్ల మా ఇంట్లోనే ఉండిపోయింది.

అప్పుడు నాకు ఆరేళ్ళు. అంతవరకూ అమ్మ పక్కన పడుకునే చోటు నాది. ఆ చోటు అక్కకి వెళ్ళింది. అమ్మ నన్ను రెండోవైపు పడుకోమంది. కానీ రెండోవైపు పడుకుంటే అమ్మ వీపే కనపడేది. నేను గునిస్తే "తల్లి లేని పిల్లే" అనేది. ఆ మాట విన్నాక ఎవరైనా ఏం అనగలరు? అక్క జామకాయలో పెద్దది తీసుకున్నా అదే మాట, నా రిబ్బను తీసుకున్నా అదే మాట. ఏడాది తిరిగేసరికి "పిన్నీ" అని పిలవడం మానేసి "అమ్మా" అనడం మొదలుపెట్టింది. మొదటిసారి అన్న రోజు అమ్మ కళ్ళు తుడుచుకుని దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నేను ఆ పూట అన్నం తినలేదు. తినలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఇవన్నీ చిన్నపిల్లల గొడవలు, పోనీ అనుకోవచ్చు. నాకు పోలేదు.

అమ్మకి మా వీధిలో ఒక పేరుండేది. ఆవిడ హస్తవాసి మంచిదని. కృష్ణా డెల్టాలో వరి కోతలకి కాస్త ముందే, పొలంలో తడి ఉండగా మినుములు చల్లేస్తారు. వరి కోసేశాక ఆ మినుము పైకొస్తుంది. శివరాత్రి దాటాక అవి ఇంటికొస్తాయి. మళ్ళీ ఏడాది విత్తనాలకని కొన్ని ఎండబెట్టి, గోలెంలో పోసి, పురుగు పట్టకుండా పొడి మందు కలిపి మూత మీద మట్టి మెత్తుతారు. పొడి మందంటే బీహెచ్‌సీ. ముక్క వాసన వేసే తెల్లటి పొడి. అమ్మ చేత్తో కలిపితే కార్తీకం దాకా ఒక్క గింజ పుచ్చదని అందరికీ నమ్మకం. ఫాల్గుణం వచ్చిందంటే "ఏమండీ, ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి వెళ్ళండి" అని వీధి వీధంతా కబురు పెట్టేది. అమ్మ పమిట నడుముకి దోపుకుని వెళ్ళేది. మోచేతుల దాకా తెల్లగా చేసుకుని వచ్చేది. నూతి దగ్గర రెండు చెంబులు పోసుకుని, అదే చేత్తో మాకు అన్నం కలిపి పెట్టేది.

అమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుని పొడి మందు కలపడం నేర్పింది నాకు కాదు, అక్కకి. "దీని చెయ్యి చూడండి, ఎంత చల్లగా ఉంటుందో. ఇది చల్లిన బంతి నారు కూడా ఒక్కటి చావలేదు" అని అమ్మలక్కలకి చెప్పుకుని మురిసేది. ఎనిమిదేళ్ళ పిల్ల మొదటి గుప్పెడు చల్లేది, తర్వాత అమ్మ కలిపేది. నేనూ చల్లుతానని ఒకసారి గోలెంలో చెయ్యి పెట్టబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "నీది వేడి చెయ్యి, నువ్వొద్దు" అంది. నా చెయ్యి వేడిదని అమ్మకి ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. ఆ పొడి నా చేతికి అంటనివ్వనందుకు ఇవాళ సంతోషించాలి. అప్పుడు మాత్రం గొడ్ల పాకలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. పొలంలో చల్లగా మిగిలిన విత్తనం బయటివాళ్ళకి ఇవ్వకూడదు, గొడ్లకి వెయ్యకూడదు. ఇంట్లోనే వండుకోవాలి. ఇస్తే మన పంట వాళ్ళింటికి వెళ్తుందని నమ్మకం. అందుకని మిగిలిన మినుముల్ని మూడుసార్లు కడిగి, నానబోసి, రుబ్బి గారెలు వేసేది అమ్మ. మూడుసార్లు కడిగితే మందు పోతుందని లెక్క. వీధిలో అందరిళ్ళలోనూ ఆ వారం గారెల వాసనే. ఆ పొడి నీళ్ళలో కరగదనీ, కొవ్వులోనే కరుగుతుందనీ, నూనెలో వేయించితే ఇంకా హాయిగా కలిసిపోతుందనీ మాకెవరికీ తెలియదు. అక్కకి నాకన్నా రెండు గారెలు ఎక్కువ పడేవి. అదీ చూసి ఏడ్చాను.

ఇద్దరం బందరులో డిగ్రీ చదివాం. ఒకే హాస్టలు, ఒకే గది. మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి, ఈ సంగతి ఎవరడిగినా అడక్కపోయినా చెప్తాను. పీజీ అయ్యాక పరిశోధనకి ప్రవేశ పరీక్ష ఇద్దరం రాశాం. ఆమెకి హైదరాబాదులో సీటొచ్చింది, నాకు రాలేదు. పరీక్ష రోజు నాకు జ్వరం అని నేను చాలామందికి చెప్పాను. జ్వరం లేదు. నాకు గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పే ఉద్యోగం దొరికింది. గుడివాడలోనే బ్యాంకులో పనిచేసే ఆయనతో పెళ్ళయింది. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు వారానికోసారి "మీ అక్కగారు హైదరాబాదులో క్యాన్సరు మీద రీసెర్చి చేస్తున్నారటగా అండీ" అనేవారు. నేను నవ్వి అవునండీ అనేదాన్ని. వాళ్ళు వెళ్ళాక నా చేతిలో సుద్దముక్క విరిగిపోయి ఉండేది.

ఆ రోజుల్లోనే నేను ఇంటర్ పిల్లలకి ఆహార గొలుసు పాఠం చెప్పాను. మందు నీళ్ళలోంచి నాచులోకి, నాచులోంచి చేపలోకి, చేపలోంచి కొంగలోకి ఎలా పేరుకుంటూ వెళ్తుందో బోర్డు మీద గీశాను. గీస్తుంటే మా ఇంటి గోలెం గుర్తొచ్చింది. ఆ వారమే బస్సెక్కి ఊరెళ్ళి అమ్మకి చెప్పాను. పొడి మందు వాడొద్దు, అది ఒంట్లో చేరితే బయటికి పోదు, పిల్లల పాలల్లోకి కూడా వస్తుందన్నాను. అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. "నిన్ను కన్నప్పుడూ ఈ చేత్తోనే మందు కలిపాను. నీకేమైంది? పుస్తకాల కబుర్లు నాకు చెప్పకు" అంది.

రెండేళ్ళు గడిచాయి. శివరాత్రి సెలవులకి అక్క వచ్చింది. అప్పటికి ఆమె చేస్తున్న పని అదే. గాజు కుప్పెల్లో రొమ్ము క్యాన్సరు కణాల్ని పెంచి, వాటి మీద డీడీటీ, బీహెచ్‌సీ లాంటి మందుల అవశేషాలు ఏం చేస్తాయో చూడటం. గోలెం పక్కన పీట వేసుకుని కూర్చుని అమ్మకి చెప్పింది. "అమ్మా, ఆ కణాలు పెరగాలంటే ఆడవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోను కావాలి. అది తీసేస్తే నెమ్మదిస్తాయి. అప్పుడు మనం ఈ మందు ఇసుమంత వేస్తే, హార్మోను ఉందనుకుని మళ్ళీ పెరుగుతున్నాయి. ఇది నేను నా కళ్ళతో చూస్తున్నాను. ఇక నువ్వు చెయ్యి పెట్టకు." అమ్మ విని, "సరే అమ్మా" అంది. అంతే. ఫాల్గుణంలో వీధిలో వాళ్ళు పిలిస్తే "మా పెద్దది వద్దంది" అని వెళ్ళలేదు. మినుముల్లో ఎండిన వేపాకూ బూడిదా కలిపించింది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. నేను పెరటి చెట్టునని ఆ రోజు నాకు బాగా అర్థమైంది. నా కడుపు ఎంత మండిందంటే, అక్క చెప్పింది నిజమా కాదా అన్నది కూడా నాకు అక్కర్లేకపోయింది. రెండేళ్ళ క్రితం నేను చెప్పిందీ అదే కదా అని అమ్మతో అన్నాను. "నువ్వు చెప్పావా?" అంది అమ్మ, నిజంగానే గుర్తు లేనట్టు.

ఆ వేసవిలో పేపర్లు దిద్దే పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు అక్క నన్ను తన ల్యాబుకి తీసుకెళ్ళింది. చెప్పులు విప్పించి, తెల్ల కోటు తొడిగింది. నా భుజాలకి ఆ కోటు సరిగ్గా సరిపోయింది. అది తొడుక్కుని అద్దంలో చూసుకోవాలనిపించింది. అక్క వెచ్చగా ఉండే ఒక పెట్టె తలుపు తీసి, చదునుగా ఉన్న చిన్న గాజు కుప్పె తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. అడుగున అతుక్కుని కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి, పెసరట్టు మీద చల్లిన ఉల్లిపాయ ముక్కల్లా. వీటికి రెండు మూడు రోజులకోసారి ఆహారం మార్చాలనీ, పండగొచ్చినా మార్చాల్సిందేననీ చెప్పింది. ఇవి ఎవరివని అడిగాను. ఏదో దేశంలో ఒకావిడ జబ్బుతో ఉన్నప్పుడు తీసినవి. ఆవిడ ఎప్పుడో పోయింది. ఇవి మాత్రం పెరుగుతూనే ఉన్నాయి, ప్రపంచంలో చాలా ల్యాబుల్లో.

"ఇవి చూస్తే మనుషుల్లో కూడా అంతేనని చెప్పొచ్చా?" అన్నాను. లెక్చరరుని కదా, ఒక ప్రశ్న వెయ్యాలి.

"చెప్పకూడదు" అంది అక్క. "కుప్పెలో జరిగింది కుప్పె వరకే. మనిషి ఒళ్ళు ఇంకా చాలా పెద్ద సంగతి. ఫలానా మనిషికి ఫలానా మందు వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. అనుమానం మాత్రం పెరుగుతోంది."

ఎంత ఒద్దికగా చెప్పిందో. నేనైతే గొప్పగా ఇంకో రెండు ముక్కలు కలిపి చెప్పేదాన్ని. బహుశా ఆ సీటు ఆమెకే రావడానికి అదే కారణం కావచ్చు. తిరుగు రైల్లో ఆ కోటు గురించే ఆలోచించాను.

ఆ ఏడు వేపాకు కలిపిన మినుములకి ఆషాఢంలోనే పురుగు పట్టింది. అమ్మ గోలెం మూత తీస్తే లోపలంతా పిండి. వీధిలో వాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. "ఏమండీ, మీ పెద్దమ్మాయి గారి రీసెర్చి పురుగులకి బాగా పడినట్టుందే" అని ఒకావిడ మొహం మీదే అంది. అమ్మ చిన్నబోయింది. విత్తనాలు పక్కింటివాళ్ళని అడగాల్సి వచ్చింది. మా అమ్మ ఇంకొకరి గోలెంలోంచి విత్తనం తెచ్చుకోవడం అదే మొదలు. నేను ఎంత సంతోషించానో రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్ళీ ఫాల్గుణం వచ్చింది. కొత్త మినుములు ఎండబెట్టి ఉన్నాయి. అమ్మ వాటి చుట్టూ తిరుగుతోంది గానీ ఏమీ చెయ్యడం లేదు. నేను అవనిగడ్డ వెళ్ళి, ఎరువుల కొట్లో పొడి మందు పొట్లం కొనుక్కొచ్చాను. తిన్నె మీద ఉన్న పాత పాలపొడి డబ్బాలో పోశాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను చేతికి పాత గుడ్డ చుట్టుకుని, మొహానికి కొంగు కట్టుకుని, మందు కలిపాను. ఆహార గొలుసు పాఠం చెప్పే జువాలజీ లెక్చరర్ని నేను.

"నువ్వూ వద్దన్నానన్నావుగా" అంది అమ్మ.

"వద్దన్నది అక్క" అన్నాను.

అమ్మ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "దానికి చెప్పకు" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు పులకరించింది. అప్పటిదాకా మా ఇంట్లో రహస్యాలన్నీ అమ్మకీ అక్కకీ మధ్యే ఉండేవి. ఇన్నాళ్ళకి అమ్మకీ నాకూ మధ్య ఒకటి వచ్చింది. గుడివాడ వచ్చేదాకా బస్సులో దాన్ని తలుచుకుంటూనే ఉన్నాను.

శ్రావణ శుక్రవారానికి ఊరెళ్ళాను. అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని సామాన్ల గదిలో గోలెం దగ్గరికి తీసుకెళ్ళింది. మూత తీసి గుప్పెడు మినుములు నా అరచేతిలో పోసింది. నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒక్కటి పుచ్చలేదు. "నీ హస్తవాసి కూడా మంచిదేనే" అంది. పెళ్ళయి, పదిమందికి పాఠాలు చెప్పే ఆడదాన్ని, గుప్పెడు మినుములు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

అప్పుడే చెప్పింది. నేను ఏడుస్తుంటే మెత్తబడి చెప్పిందో, చెప్దామనే నన్ను ఆ గదిలోకి తీసుకొచ్చిందో తెలియదు. నా చెయ్యి తీసుకుని తన ఎడమ రొమ్ము కింద పెట్టింది. జాకెట్టు గుడ్డ మీంచే తగిలింది. చింతపిక్కంత, గట్టిగా, అటూ ఇటూ కదలకుండా.

"నొప్పి లేదులే" అంది. "మొన్న స్నానం చేస్తుంటే తగిలింది. నువ్వు ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా దానికి. ఇంకో ఏడాదిలో దాని చదువు అయిపోతుందట. ఇప్పుడు చెప్తే అన్నీ వదిలేసి వచ్చి కూర్చుంటుంది. అది అయ్యాక చూద్దాం."

నొప్పి లేని గడ్డకే భయపడాలని నేను చదువుకున్నాను. చదువుకోవడమే కాదు, పిల్లలకి చెప్పాను కూడా. ఆ రోజు రాత్రికే అక్కకి ఫోను చేసి ఉండాల్సింది. మర్నాడే అమ్మని విజయవాడ తీసుకెళ్ళాల్సింది. వెళ్దామన్నాను, ఒకసారి. అమ్మ "మగ డాక్టరుకి చూపించను" అంది. లేడీ డాక్టర్లు ఉంటారని రెండోసారి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. విజయవాడ వెళ్తే అక్కకి తెలుస్తుంది. తెలిస్తే ఆమె వస్తుంది. వస్తే ఇక అమ్మ ఆమెదే. డాక్టర్లతో ఇంగ్లీషులో మాట్లాడేది ఆమె, కాగితాలు పట్టుకునేది ఆమె, అమ్మ పక్కన పడుకునేది ఆమె. నేను మళ్ళీ వీపువైపు. అమ్మ ఆ రహస్యం దాచమన్నది కూడా అక్క కోసమే. ఆ ముక్క నేను విననట్టు నటించాను. నాకు చెప్పింది, ఆమెకి చెప్పలేదు, అంతవరకే విన్నాను.

బందరులో ఒక హోమియో డాక్టరు దగ్గర, ఎవరికని చెప్పకుండా, గడ్డలకి మాత్రలు తీసుకున్నాను. నెలకోసారి తీసుకెళ్ళి అమ్మకిచ్చేదాన్ని. అమ్మ నాలుక చాపి చిన్నపిల్లలా వేయించుకునేది. అంత దగ్గరగా మేమిద్దరం ఎప్పుడూ లేము. దసరా, దీపావళి అయ్యాయి, కార్తీకం అయింది. అక్క ఆదివారాలు గుడివాడలో మా పక్కింటి వాళ్ళకి ఫోను చేసి నన్ను పిలిపించేది. "అమ్మ ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనేదాన్ని. అలా అన్న ప్రతిసారీ నాలో ఏదో తియ్యగా ఉండేది. చింతపిక్క నిమ్మకాయ అయింది.

మాఘ పౌర్ణమికి మా వాళ్ళంతా హంసలదీవి వెళ్తారు, సాగరసంగమంలో మునగడానికి. ఆ ఏడు అక్క కూడా వచ్చింది. పాలకాయతిప్ప దగ్గర ఆటో దిగి ఇసుకలో నడిచి వెళ్ళాం. తెల్లవారి ఎండ బాగా వచ్చింది. వేలమంది జనం. ఆడవాళ్ళంతా స్నానాలు చేసి, ఒకరికొకరు చీర అడ్డం పట్టుకుని బట్టలు మార్చుకుంటున్నారు. నేను అమ్మకి అడ్డం పట్టడానికి తువ్వాలు తీశాను. అంతలో మా ఆయన చెప్పులు కనపడటం లేదని కేకేస్తే అటు తిరిగాను. తువ్వాలు అక్క చేతుల్లోకి వెళ్ళింది. నేను మళ్ళీ తిరిగేసరికి అక్క ఆ తువ్వాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కదలకుండా నిలబడి ఉంది. తడి జాకెట్టు విప్పిన అమ్మ పొడి జాకెట్టు వెతుక్కుంటోంది. రొమ్ము కింద చర్మం లోపలికి లాగేసి ఉంది.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అంది అక్క.

అమ్మ నా వైపు చూడలేదు. "నెల్రోజులు. ఎవరికీ చెప్పలేదు" అంది.

నేను నోరు తెరవలేదు. అమ్మ నన్ను కాపాడింది. నేను కాపాడనిచ్చాను.

ఆ తర్వాతంతా నేను భయపడినట్టే జరిగింది. అక్క మూడు రోజుల్లో అమ్మని గుంటూరులో పెద్దాసుపత్రిలో చేర్పించింది. కోసి తీసేశారు. చంకలోకి పాకిందన్నారు. పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు అక్క వరండాలో బల్ల మీద కూర్చుని ఆ కాగితం చాలాసేపు చూసింది. "హార్మోను మీద పెరిగే రకమే. నేను పెంచుతున్న రకమే" అంది. పొడి మందు వల్లేనా అని అడిగాను. ఒకప్పుడు ల్యాబులో చెప్పిన మాటే చెప్పింది, ఒక మనిషి విషయంలో అలా చెప్పలేమని. తర్వాత ఇంకో మాట కూడా అంది. "రోజూ ఇవే చూస్తున్నాను. మా అమ్మ ఒంట్లో ఉన్నది చూడలేకపోయాను. ఇంటికి ఇంకాస్త తరచుగా వచ్చి ఉంటే ముందే తెలిసేది." అలా అని ఏడ్చింది. నిజం నా నాలుక మీదే ఉంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేముంది అక్కా" అన్నాను. అంత బాగా ఓదార్చాను.

అమ్మ రెండేళ్ళు బతికింది. అక్క చదువు ఆలస్యమైంది గానీ ఆపలేదు. నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండేది. అమ్మ జుట్టు ఊడిపోతే అక్క తన చీర చించి మెత్తటి గుడ్డ కట్టింది. చివరి రోజుల్లో అమ్మకి తెలివి వచ్చీ పోతూ ఉండేది. చెయ్యి చాపితే ఎవరి చెయ్యి అందుతుందా అని నేను మంచానికి దగ్గరగా జరిగి కూర్చునేదాన్ని. పోతున్న మనిషి చెయ్యి కోసం కూడా పోటీ పడ్డాను. అమ్మ ఎక్కువసార్లు పట్టుకున్నది అక్క చెయ్యే.

పెద్దకర్మ అయిన మూడో రోజు, నాన్న పొలం వెళ్ళాక, అక్కా నేనూ సామాన్ల గది సర్దుతున్నాం. గోలెం పక్కన ఆ పాలపొడి డబ్బా ఉంది. అక్క మూత తీసి వాసన చూసింది. వెంటనే మూత పెట్టేసింది.

"ఇది నేను తెచ్చిందే" అన్నాను.

"తెలుసు" అంది అక్క. "అమ్మ ఆ ఏడే చెప్పింది, ఫోన్లో. నిన్ను ఏమీ అనకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. 'దాని హస్తవాసి కూడా మంచిదేనే, ఇన్నాళ్ళూ నేనే చూసుకోలేదు' అని ఎంత మురిసిపోయిందో. ఇక ఆ మురిపెం విన్నాక నేనేమంటాను?"

నాది అనుకున్న రహస్యం నాది కాదన్నమాట. అంత దుఃఖంలోనూ నాకు చుర్రుమంది.

అక్క డబ్బా పక్కన పెట్టి, చీపురు తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. "అన్నీ నాకు చెప్పేది. నేను చెప్పకుండా ఉన్నవీ నా చేత చెప్పించేది. గడ్డ సంగతి ఒక్కటే చెప్పలేదు. రెండేళ్ళ నుంచి అదే ఆలోచిస్తున్నాను. మనిద్దరిలో ఎవరికీ చెప్పకుండా నెల్రోజులు ఒక్కతే మోసింది. ఒక్కటే ఓదార్పు, నీకూ చెప్పలేదు. నీకు చెప్పి నాకు చెప్పకుండా ఉంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని."

అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఇవాళ్టికీ ఎవరికీ తెలిసేది కాదు. ఊరుకోలేదు. అప్పుడు నేను చెప్పింది పశ్చాత్తాపంతోనే అని రాసుకుంటే బాగుంటుంది. పశ్చాత్తాపం ఉంది. దానితోపాటు గొంతులో ఒక చిటికెడు గర్వం కూడా ఉంది.

"నాకు చెప్పింది అక్కా" అన్నాను. "శ్రావణంలోనే చెప్పింది. ఇదే గదిలో."

అక్క నా వైపు తిరిగింది. ఎందుకు దాచావని అడగలేదు. అంతకాలమా అని అడగలేదు. "నీకు చెప్పిందా?" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆరేళ్ళప్పటి నుంచీ నా లోపల ఉన్న గొంతే అది. మా అక్క జీవితంలో ఒక్కసారైనా నన్ను చూసి అసూయపడాలని నేను ఎందరు దేవుళ్ళకి మొక్కుకున్నానో చెప్పలేను. ఆ మొక్కు ఆ గదిలో, ఆ గోలెం పక్కన తీరింది.

అక్క పీట లాక్కుని కూర్చుంది. శ్రావణం నుంచి మాఘం దాకా, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.